తత్త్వం కూడు పెడుతుందా?



పెంటపాడులో ఆదివారం దివ్యపూజ ముగిసి జనం గుడి మెట్లు దిగుతున్నారనుకోండి. వాకిట్లో చెట్టు నీడన నలుగురు ఆగుతారు. కోతకు వచ్చిన చేను వర్షానికి పడిపోయిందని ఒకరు చెబుతారు. కొల్లేటి వైపు చేపల చెరువు కౌలుకు తీసుకుని పెట్టుబడి పోగొట్టుకున్న బావమరిది గురించి మరొకరు చెబుతారు. కూతురి పెళ్ళికి తెచ్చిన అప్పుకు వడ్డీ కూడా కట్టలేకపోతున్నానని ఇంకొకరు తల దించుకుంటారు. అక్కడున్న పెద్దాయన ఓదార్పుగా నాలుగు మంచి మాటలు చెప్పబోతే, బాధలో ఉన్న మనిషి ఏమంటాడు? వేదాంతం చెప్పకండి బాబాయ్ అంటాడు.

మన వాడుకలో ఆ మాట అలా స్థిరపడిపోయింది. పనికిరాని కబురును వేదాంతం అంటాం. చేతకానివాడు చెప్పుకునేది తత్త్వం అంటాం. పిల్లవాడు కళాశాలలో తత్త్వశాస్త్రం తీసుకుంటానంటే, అది కూడు పెడుతుందా అని అడుగుతాం. తల్లిదండ్రులు అలా అడగడంలో తప్పు లేదు. పిల్లల కడుపు గురించి ఆలోచించేది వాళ్ళే కదా.

ఈ ప్రశ్న చేతబట్టుకుని ఈ వారం ఒక గొప్ప వ్యక్తి జీవితాన్ని చూద్దాం. ఆయన తెలుగు కుటుంబంలో పుట్టారు. జీవితమంతా తత్త్వశాస్త్రమే బోధించారు. భారతదేశానికి రెండవ రాష్ట్రపతి అయ్యారు. ఆయన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు. ఆయన కతోలికులు కారు. హిందువుగా పుట్టి హిందువుగానే జీవించారు. అయినా ఆయన జీవితం మన కుటుంబాలకు నేర్పేది చాలా ఉంది. ఆయన గెలిచిన చోటే కాదు, ఓడిన చోట కూడా ఉంది.

పాత పుస్తకాలు

రాధాకృష్ణన్ గారు 1888 సెప్టెంబరు 5న తిరుత్తణిలో జన్మించారు. ఆ ఊరు ఇప్పుడు తమిళనాడులో ఉంది. ఇంటిపేరు మాత్రం మన నెల్లూరు జిల్లాలోని సర్వేపల్లి గ్రామానిది. తండ్రి వీరాస్వామి గారిది జమీందారీలో చిన్న రెవెన్యూ ఉద్యోగం. సంసారం పెద్దది, రాబడి చిన్నది. పిల్లవాడికి తెలివి ఉంది గాని చదివించే స్తోమతు ఇంట్లో లేదు. కాబట్టి ఆ చదువంతా స్కాలర్‌షిప్పుల మీదే సాగింది. తిరుపతిలో లూథరన్ మిషన్ పాఠశాల, వేలూరులో వూర్హీస్ కళాశాల, ఆ తరువాత మద్రాసు క్రైస్తవ కళాశాల. గమనించారా? ఇల్లు హిందూ ఇల్లు, బడులు మాత్రం క్రైస్తవ బడులు.

మద్రాసులో డిగ్రీకి ఏ విషయం తీసుకోవాలన్న ప్రశ్న వచ్చింది. వరసకు అన్న అయ్యే బంధువు ఒకరు అంతకుముందే అదే కళాశాలలో తత్త్వశాస్త్రం చదివి ముగించారు. తన పాత పుస్తకాలు ఈ తమ్ముడికి ఇచ్చారు. పుస్తకాలు కొనే ఖర్చు తప్పింది. అంతే, విషయం నిర్ణయమైపోయింది. లోకానికి పేరుమోసిన ఒక తత్త్వవేత్త తత్త్వంలోకి వచ్చిన దారి ఇది! దివ్యదర్శనమేమీ జరగలేదు, చిన్ననాటి ఆశయమూ కాదు. చేతిలో డబ్బు లేకపోవడం, ఊరికే పుస్తకాలు దొరకడం, ఇవే కారణాలు.

అక్క పుస్తకాలు చెల్లెలికి, అన్న చొక్కా తమ్ముడికి అందే ఇళ్ళు మన విచారణల్లో ఎన్ని లేవు? అందిన దానితో మొదలుపెట్టడం చిన్నతనం అనుకునే పిల్లలకు ఈ సంగతి చెప్పండి.

గాయపడిన విశ్వాసం

అయితే పుస్తకాలు దొరికినంత మాత్రాన ఎవరూ తత్త్వవేత్త అయిపోరు. మనసులో ఒక ప్రశ్న ముల్లులా గుచ్చుకోవాలి. రాధాకృష్ణన్ గారికి ఆ ముల్లు గుచ్చుకున్నది క్రైస్తవుల మధ్యనే.

ఆ రోజుల్లో మిషనరీలు కొందరు హిందూ మతాన్ని తీవ్రంగా విమర్శించేవారు. ఆ విమర్శలు తన స్వాభిమానాన్ని కదిలించాయని ఆయనే తరువాతి కాలంలో రాసుకున్నారు. తల్లి పూజించే దేవుణ్ణి, తండ్రి నమ్మిన ధర్మాన్ని తక్కువ చేసి మాట్లాడుతుంటే ఒక పిల్లవాడి మనసు ఎంత నలిగిందో మీరే ఊహించండి. అలాంటప్పుడు రెండు దారులు సులువుగా కనిపిస్తాయి. కోపంతో ఎదురు తిట్టడం ఒకటి. సిగ్గుతో తన వాళ్ళను వదులుకోవడం ఒకటి. ఆయన మూడో దారి పట్టారు. ఆ విమర్శలో నిజమెంత, అబద్ధమెంత అని కూర్చుని చదివారు.

విమర్శల్లో ముఖ్యమైనది ఇది. ఈ లోకమంతా మాయ అని వేదాంతం చెబుతుంది కదా, అలాంటప్పుడు ఈ లోకంలో మంచి చేయడానికీ, చెడు మానడానికీ అర్థమేముంది? పొరుగువాడి ఆకలి కూడా మాయే అయితే అన్నం పెట్టడం ఎందుకు? అంటే వేదాంతంలో నీతికి చోటు లేదని ఆరోపణ. మన పెంటపాడు గుడి వాకిట్లో బాధపడుతున్న మనిషి అన్నదీ దాదాపు ఇదే కదా! మీ తత్త్వం నా బతుక్కు పనికిరాదని అతని ఫిర్యాదు.

ఎం.ఏ. పట్టం కోసం ఆ విద్యార్థి రాసిన వ్యాసం సరిగ్గా దీని మీదే. వేదాంతంలోని నీతిశాస్త్రం దాని విషయం. 1908లో అది అచ్చయింది. రాసినవాడికి అప్పటికి ఇరవై ఏళ్ళు. మాయ అంటే లోకం ఉత్తదని అర్థం కాదనీ, మనిషి నడవడికకు వేదాంతంలో గట్టి పునాది ఉందనీ ఆయన వాదన.

ఇక్కడ మరొక మనిషిని గుర్తు చేసుకోవాలి. ఆ కళాశాలలో తత్త్వశాస్త్రం చెప్పిన గురువు ఏ.జి. హాగ్ గారు. ఆయన క్రైస్తవ మిషనరీ. శిష్యుడి వ్యాసం మిషనరీల విమర్శకే జవాబు. దాన్ని తొక్కిపెట్టాలని ఆ గురువుకు బుద్ధి పుట్టలేదు. శిష్యుడి అవగాహనను మెచ్చుకుంటూ యోగ్యతాపత్రం ఇచ్చారు. తనతో విభేదించిన విద్యార్థికి న్యాయం చేయగలిగిన ఆ ఉపాధ్యాయుడు కూడా క్రైస్తవుడే. ఒకే మతం వాళ్ళ మాటల్లో ఆ పిల్లవాడు గాయాన్నీ చూశాడు, న్యాయాన్నీ చూశాడు. మన నోటి నుంచి పొరుగువారి పిల్లలు ఏది వింటున్నారు? ఈ ప్రశ్న మన మతబోధకులకూ, ఉపదేశులకూ, బడుల్లో పనిచేసే వారికీ, ఇంట్లో తల్లిదండ్రులకూ వర్తిస్తుంది.

రాజమండ్రి నుంచి ఆక్స్‌ఫర్డు దాకా

1909లో ఆయన మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో అధ్యాపకులయ్యారు. 1918లో మైసూరు వెళ్ళకముందు మన తెలుగునాట అనంతపురంలోనూ, రాజమండ్రిలోనూ కొంతకాలం పనిచేశారు. తాడేపల్లిగూడెం స్టేషనులో రైలెక్కి, కొవ్వూరు దాటి, గోదావరి వంతెన మీదుగా వెళితే వచ్చే ఆ రాజమండ్రిలోనే ఒకప్పుడు ఈ మహనీయుడు పిల్లలకు పాఠాలు చెప్పారు.

1921లో కలకత్తా విశ్వవిద్యాలయం ఆయనను ఆచార్యులుగా పిలిచింది. మైసూరు వదిలి వెళుతున్న రోజున విద్యార్థులు ఆయన బండికి గుర్రాలను విప్పేసి, స్టేషను వరకు తామే లాగుకుంటూ వెళ్ళిన సంగతి ప్రసిద్ధం. పాఠం అర్థమయ్యేలా చెప్పడం, పేద విద్యార్థిని మనిషిగా చూడడం, ఇవే అంత ప్రేమను సంపాదించిపెట్టాయి.

భారతీయ తత్త్వశాస్త్రం మీద ఆయన రాసిన గ్రంథం మొదటి సంపుటం 1923లో, రెండవది 1927లో వెలువడ్డాయి. 1926లో ఆక్స్‌ఫర్డులో ఉపన్యాసాలిచ్చారు. 1931 నుంచి 1936 వరకు ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులుగా ఉన్నారు. మన జిల్లా కళాశాలలు దశాబ్దాల పాటు ఆ విశ్వవిద్యాలయానికే అనుబంధంగా ఉన్నాయి కాబట్టి, మన ఇళ్ళలో పెద్దవారి డిగ్రీ పట్టాల వెనుక ఆయన కష్టం కూడా కొంత ఉందనుకోవచ్చు. 1936లో ఆక్స్‌ఫర్డులో ప్రాచ్య మతాలు, నీతిశాస్త్రం బోధించే ఆచార్య పదవిలో నియమితులయ్యారు. స్కాలర్‌షిప్పు లేకపోతే బడి మానవలసిన పిల్లవాడు అక్కడి దాకా వెళ్ళారు!

స్వాతంత్ర్యం వచ్చాక 1948లో విశ్వవిద్యాలయ విద్య గురించి ప్రభుత్వం ఒక సంఘాన్ని నియమించి, ఆయనను అధ్యక్షులను చేసింది. ఆ సంఘం చేసిన సిఫార్సుల్లో ఒకటి మనకు ఆసక్తికరం. ప్రతి విద్యాసంస్థలో రోజును కొన్ని నిమిషాల మౌనధ్యానంతో మొదలుపెట్టాలని వారు సూచించారు. మొదటి సంవత్సరంలో మహాపురుషుల జీవితాలు చదివించాలన్నారు. బుద్ధుడు, సోక్రటీసు, శంకరులు, మహమ్మదు, కబీరు, నానక్, గాంధీ మొదలైన వారితో పాటు యేసు ప్రభువు పేరు కూడా అందులో ఉంది. పిల్లలకు సూత్రాలు వల్లె వేయించే ముందు మంచి జీవితాలు చూపించాలన్నది వారి ఆలోచన. మన శ్రీసభ పునీతుల జీవితాలను పిల్లలకు చెబుతూ వచ్చింది కూడా ఇందుకే కదా!

నియంత ఎదుట

1949లో ఆయనను రష్యాకు రాయబారిగా పంపారు. దేవుణ్ణి నమ్మే తత్త్వవేత్తను దేవుడే లేడనే దేశానికి పంపడమేమిటని చాలామంది ఆశ్చర్యపోయారు. అక్కడ స్టాలిన్‌ను చూడాలంటేనే జనానికి భయం. రాధాకృష్ణన్ గారు 1950లో ఆయనను కలిసినప్పుడు, యుద్ధంలో నెత్తురు పారించి, గెలిచాక పశ్చాత్తాపపడి ధర్మమార్గం పట్టిన మన అశోక చక్రవర్తి కథ గుర్తు చేశారు. ఆ మాట ఎవరికి తగలాలో వారికి తగిలే ఉంటుంది. 1952లో వీడ్కోలు తీసుకునేటప్పుడు, జబ్బుతో ముఖం ఉబ్బిన ఆ ముసలి నియంత చెంప తట్టి, వీపు నిమిరారు. తనను రాక్షసుడిలా కాక మనిషిలా చూసింది ఈయనొక్కరేనని స్టాలిన్ చలించిపోయినట్లు చెబుతారు.

స్టాలిన్ చేసిన ఘోరాలకు ఇది క్షమాపత్రం కాదు. ఎదుటివాడు ఎంతటివాడైనా నిజం చెప్పడం, ఎంత చెడ్డవాడైనా మనిషిగా చూడడం, ఈ రెండూ ఒక్కసారే సాధ్యమని మాత్రం ఆ సంఘటన చూపుతుంది. గట్టు తగాదాలో మాట్లాడుకోవడం మానేసిన అన్నదమ్ములు మన ఊళ్ళలో ఉన్నారు. వారికి కావలసింది కూడా ఇదే. తప్పును తప్పనాలి, తమ్ముణ్ణి తమ్ముడిగా చూడాలి.

అన్నిటికంటే కష్టమైన పరీక్ష

ఇంతవరకు చెప్పింది గెలుపుల కథ. ఇక్కడితో ఆపితే మీకు సగమే చెప్పినట్టు.

పదహారేళ్ళు దాటకముందే రాధాకృష్ణన్ గారికి శివకాము గారితో పెళ్ళయింది. ఆమె అప్పటికి ఇంకా చిన్నపిల్ల. వారికి ఐదుగురు కూతుళ్ళు, ఒక కొడుకు. చాలీచాలని జీతం రోజుల్లో ఆ సంసారాన్ని నెట్టుకొచ్చింది ఆమె. భర్త ఊళ్ళు మారుతుంటే, దేశాలు తిరుగుతుంటే, ఇల్లు నిలిపింది ఆమె. 1956లో కన్నుమూశారు. కొడుకు సర్వేపల్లి గోపాల్ గారు పేరున్న చరిత్రకారుడు. 1989లో ఆయన తండ్రి జీవిత చరిత్ర రాశారు. భర్తగా తన తండ్రి వివాహ ధర్మానికి కట్టుబడి ఉండలేదనీ, దానివల్ల తల్లి ఎంతో బాధపడిందనీ అందులో దాచకుండా రాశారు. తండ్రిని ప్రేమించిన కొడుకు అలా రాయడం తేలిక కాదు.

ఈ సంగతి చెప్పడం ఆ మహనీయుణ్ణి దించడానికి కాదు. మన చూపుడు వేలు ఆయన వైపు తిప్పే ముందు, మన ఇళ్ళను చూసుకుందాం. గుడిలో గొంతెత్తి పాడి, ఇంటికి వచ్చి భార్యమీద చెయ్యి ఎత్తే భర్తలు లేరా? సంఘంలో పెద్దమనిషి, ఇంట్లో పలకరింపు లేని తండ్రి, మన విచారణల్లో లేరా? లోకానికి నీతి చెప్పడం కంటే వంటింటి గడప దగ్గర నీతిగా ఉండడం కష్టం. నీతికి తత్త్వంలో చోటుందని ఇరవై ఏళ్ళకే నిరూపించిన మనిషికే ఆ పరీక్ష కష్టమైందంటే, ఏ డిగ్రీ లేని మనం మరింత జాగ్రత్తగా ఉండాలి.

మరి ఆ ఇంట్లో తత్త్వం ఎవరి దగ్గర ఉంది? కళాశాల గడప తొక్కకుండానే, ఓర్పుతో ఆరుగురు పిల్లలను పెంచిన ఆ తల్లి దగ్గర కూడా ఉంది. ఆమె ఒక్క పుస్తకమూ రాయలేదు. అయితే ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఆమె ఓర్పును మెచ్చుకోవడమంటే, ఆడవాళ్ళు అన్యాయాన్ని భరిస్తూ ఉండాలని చెప్పడం కాదు. ఓర్చుకోవలసిన అవసరం ఆమెకు రాకుండా చూడవలసిన బాధ్యత భర్తది.

పోలికలు, తేడాలు

1952లో ఆయన మన దేశానికి మొదటి ఉపరాష్ట్రపతి అయ్యారు. 1954లో భారతరత్న పొందారు. 1962 నుంచి 1967 వరకు రాష్ట్రపతి. తన పుట్టినరోజు జరుపుతామన్న వారితో, దానికి బదులు ఉపాధ్యాయులను గౌరవించమని ఆయన కోరినందువల్లే 1962 నుంచి సెప్టెంబరు 5 ఉపాధ్యాయ దినోత్సవమైంది.

ఆయన రాష్ట్రపతిగా ఉన్నప్పుడే, 1964 డిసెంబరులో, ఆరవ పౌలు జగద్గురువులు దివ్యసత్ప్రసాద మహాసభ కోసం బొంబాయి వచ్చారు. భారతదేశంలో అడుగుపెట్టిన మొదటి పోపు ఆయనే. ఇతర మతాల పెద్దలతో మాట్లాడుతూ ఉపనిషత్తులలోని ఒక ప్రార్థనను గౌరవంగా గుర్తు చేశారు. మరుసటి సంవత్సరం, 1965 అక్టోబరు 28న, ద్వితీయ వాటికన్ మహాసభ ఇతర మతాల గురించి ప్రకటన వెలువరించింది. ఆ మతాలలో నిజమైన దానినీ పవిత్రమైన దానినీ శ్రీసభ తోసిపుచ్చదని అందులో బోధించింది. తిరుపతి, వేలూరు బడుల్లో ఒక హిందూ పిల్లవాడు నొచ్చుకున్న రోజుల నుంచి ఆనాటికి ఎంత దూరం వచ్చామో చూడండి.

అలాగని ఆయన చెప్పినదంతా మనం ఒప్పుకోనక్కరలేదు. మతాలన్నీ ఒకే సత్యానికి దారులని ఆయన నమ్మారు. క్రైస్తవుల బోధను కొన్నిచోట్ల విమర్శించారు. క్రీస్తు ప్రభువే మార్గమనీ రక్షకుడనీ మన విశ్వాసం. ఆ తేడాను దాచుకోవలసిన పని లేదు, దానికోసం కొట్లాడవలసిన పనీ లేదు. మన నిరీక్షణకు కారణమేమిటని ఎవరైనా అడిగితే సాత్వికంతో, గౌరవంతో జవాబు చెప్పడానికి సిద్ధంగా ఉండమని పునీత పేతురు తన మొదటి లేఖ మూడో అధ్యాయంలో మనకు నేర్పారు. జవాబు చెప్పాలంటే ఆలోచించి ఉండాలి. విశ్వాసం, వివేకం రెండూ మనిషికి కావాలని రెండవ జాన్ పాల్ జగద్గురువులు 1998లో ఒక విశ్వలేఖే రాశారు.

రాధాకృష్ణన్ గారు 1975 ఏప్రిల్ 17న మద్రాసులో కన్నుమూశారు.

తిరిగి గుడి వాకిటికి

ఇప్పుడు మళ్ళీ పెంటపాడు గుడి వాకిట్లో, ఆ చెట్టు నీడకు వద్దాం. అప్పుతో తల దించుకున్న మనిషికి మన వేదాంతం ఏం చేయగలదు?

ముందు అతని పక్కన కూర్చోవాలి. అంతా దేవుడి చిత్తం అని ఒక్క ముక్కలో తేల్చి వెళ్ళిపోకూడదు. ఎంత అప్పు, ఎవరికి, ఎప్పటిలోగా, ఇందులో నీ చేతిలో ఉన్నదేమిటి, లేనిదేమిటి అని నిదానంగా అడగాలి. వర్షం అతని చేతిలో లేదు. మళ్ళీ అధిక వడ్డీకి అప్పు తేకుండా ఉండడం అతని చేతిలో ఉంది. భార్యకు దాచకుండా చెప్పడం అతని చేతిలో ఉంది. నలుగురి మెప్పు కోసం తాహతుకు మించిన ఖర్చు పెట్టడం ఆపడం మన అందరి చేతుల్లోనూ ఉంది. ఇలా విడదీసి చూడడమే తత్త్వం. ఆ తరువాత చేసే ప్రార్థనకు బలం వస్తుంది, ఎందుకంటే దేవుణ్ణి ఏమి అడగాలో అప్పుడు మనకు తెలుస్తుంది.

ఈ వారం మీ ఇంట్లో ఒక చిన్న పని చేయండి. రాత్రి జపమాల ముగిశాక, టీవీ పెట్టకముందు, అందరూ ఐదు నిమిషాలు మౌనంగా కూర్చోండి. ఈ రోజు నా మాట వల్ల ఇంట్లో ఎవరు నొచ్చుకున్నారు అని ఎవరికి వారు అడగండి. జవాబు దొరికితే, ఆ మనిషి దగ్గరకు వెళ్ళి చెప్పండి. భర్త భార్యకు, తల్లి కొడుక్కు, అత్త కోడలికి. పెద్దవారే ముందు చెబితే పిల్లలు నేర్చుకుంటారు.

తత్త్వం కూడు పెడుతుందా అని మొదట అడిగాం. ఒక పేద విద్యార్థికి అది కూడు పెట్టింది, కీర్తి కూడా పెట్టింది. మన ఇళ్ళలో అది అంతకంటే చిన్న పని చేస్తే చాలు. వండిన కూడును ఇంటిల్లిపాదీ ఒక్కచోట కూర్చుని, మాటా మాటా కలుపుకుని తినేటట్లు చేస్తే చాలు. ఆ పని మీ ఇంట ఈ రాత్రే మొదలవునుగాక.